దొరసాని నిద్ర

ఫిబ్రవరి 2

ఆస్పత్రి నుంచి ఇప్పుడే వచ్చాం. చెప్పులు కూడా విప్పలేదు. ఎవరితోనైనా చెప్పుకుంటే బాగుండును. కానీ ఎవరితో చెప్పినా పిల్లలన్నాక మామూలే అంటారు. ఇది మామూలు కాదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

పొద్దున పాపకి డైపర్ మారుస్తూ మా ఆవిడ కేకేసింది. వెళ్ళాను. చూపించింది. సన్నటి నెత్తుటి చార. ఆ డైపర్‌ని అలాగే మడిచి సంచిలో పెట్టుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. నేను షర్టు తిరగేసి తొడుక్కున్న సంగతి అక్కడ కూర్చున్న ఎవరో పెద్దాయన చెబితే గానీ తెలియలేదు.

డాక్టరమ్మ పాప పొట్ట నొక్కి చూసింది, బరువు తూచింది, మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. పాపకి జీర్ణాశయం మూత ఇంకా గట్టిపడలేదట. తాగిన పాలు పైకి తన్నుకొచ్చి గొంతు మండుతోందట. అందుకే పడుకోబెట్టగానే నడుం విరుచుకుని ఏడుస్తోంది. అది ఒకటి. రెండోది వినగానే నా తల తిరిగిపోయింది. పాపకి ఆవుపాలు పడవట. మేం ఆవుపాల చుక్క కూడా పట్టలేదు, తల్లిపాలు తప్ప ఏమీ ఇవ్వలేదు అన్నాను కాస్త గట్టిగానే. తల్లి తాగింది తల్లిపాలలోకి దిగుతుంది అంది.

మా ఆవిడ రోజూ పెద్ద గ్లాసుడు పాలు తాగుతోంది. బలం అని వాళ్ళమ్మ, అదే మా అత్తయ్య, దగ్గరుండి తాగిస్తోంది. నేనూ తాగు తాగు అనేవాణ్ణి. బలం అని పోసిన ప్రతి గ్లాసూ పిల్ల పొట్టలో నిప్పయింది.

ఇంట్లోకి వచ్చాక మా ఆవిడ తన చేతులు చూసుకుంటూ మంచం మీద కూర్చుంది. ఇప్పటికీ అలాగే కూర్చుని ఉంది.

ఫిబ్రవరి 3

పాలు, పెరుగు, వెన్న, చీజ్, అవి కలిసిన ప్రతిదీ బంద్. అత్తయ్య టీ కోసం ఒక చిన్న సీసా పాలు మాత్రం ఫ్రిజ్ తలుపులో.

పాప బరువు పెరగాలి. పెరగకపోతే తల్లిపాలు మాన్పించి మందుల షాపులో దొరికే ప్రత్యేకమైన పొడి పట్టాలంది డాక్టరమ్మ. పాప సీసా నోట్లో పెట్టనివ్వదు. అయితే ఆస్పత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేసి పట్టిస్తామంది. గొట్టం అన్నప్పుడు మా ఆవిడ నా మోకాలు పట్టుకుంది. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఫిబ్రవరి 6

పాపకి దొరసాని అని పేరు పెట్టింది నేనే. ఎత్తుకుని నిలబడితే కళ్ళు మూస్తుంది. కూర్చుంటే ఒక కన్ను తెరుస్తుంది. పడుకోబెడితే కొంప కూలిపోతుంది. పాలు తాగాక అరగంట నిలువుగా ఎత్తుకోవాలి, తర్వాత చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి అని డాక్టరమ్మ రూలు. రూలు మాకు తెలుసు. దొరసానికి తెలియదు.

నిన్న మా ఆవిడ పళ్ళు తోముకుంటూ నిలబడే నిద్రపోయింది, బ్రష్ నోట్లోనే ఉంది. ఇవాళ టీవీ రిమోట్ ఫ్రిజ్‌లో దొరికింది. నేనేం తక్కువ తినలేదు. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైను దగ్గర ఖాళీ డబ్బాలకి మూతలేసి పంపించేస్తున్నాను. మేస్త్రీ వచ్చి, గాలి బిస్కెట్లు ఎప్పుడు మొదలుపెట్టాం అని అడిగేదాకా తెలియలేదు.

నాది తెల్లవారుజాము డ్యూటీ. మధ్యాహ్నం ఇంటికి రాగానే పాపని నా భుజం మీద వేసుకుంటాను. అప్పుడు మా ఆవిడ పడుకుంటుంది. ఇరవై నాలుగు గంటల్లో ఆమెకు దొరికే నిద్ర అదే.

ఫిబ్రవరి 17

రాయడానికి భయంగా ఉంది. దిష్టి తగులుతుందేమో అని. పాప పరుపు మీద పడుకుంది. ఒక నిద్ర తీసి, లేచి పాలు తాగి, మళ్ళీ పడుకుంది. మా ఆవిడ నవ్వింది. పెళ్ళినాటి నవ్వు. ఈ నవ్వు ఎక్కడో పారేసుకున్నామని కూడా నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఫిబ్రవరి 20

ఇవాళ నన్ను మిక్సింగ్ సెక్షన్‌కి మార్చారు. ప్యాకింగ్‌లో ఉన్నవాళ్ళంతా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారు. మైదా, పంచదార, పాలపొడి బస్తాలు విప్పి పెద్ద గిన్నెలోకి ఒంపాలి, నెయ్యి వదలాలి, పిండి పాకం చూసుకోవాలి. చెయ్యి తిరిగినవాడికే ఇస్తారు. మేస్త్రీ తెల్లకోటు, టోపీ, మాస్కు, గ్లౌజులు ఇచ్చాడు. మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకోమన్నాడు, లేకపోతే పొడి కాలరులోంచి ఒంట్లోకి దిగి సాయంత్రానికి బంకబంకగా ఉంటుందట. అక్కడ అందరి మెడలకీ తువ్వాళ్ళే. బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర దులుపుకుంటారు.

మా ఆవిడకి చెబితే సంతోషించింది. చేతులు శుభ్రంగా కడుక్కుని రండి అంది. చెప్పాలా నాకు. మోచేతుల దాకా సబ్బుతో కడిగాను. గోళ్ళల్లో కూడా.

ఫిబ్రవరి 22

దొరసాని నా భుజం మీద, తువ్వాలు అంచు చప్పరిస్తూ హాయిగా పడుకుంది. నేను గుమ్మంలోకి రాగానే తల్లి చంకలోంచి ఇటు దూకుతోంది. తల్లికి కాస్త ఈర్ష్యగా ఉందనుకుంటాను. పైకి చెప్పదు.

ఫిబ్రవరి 24

మళ్ళీ మొదలు. సాయంత్రం నుంచి ఒకటే ఏడుపు. పాలు తాగడం, వీపు విరుచుకోవడం, గొంతు దాకా వచ్చింది మింగి కెవ్వుమనడం.

ఏం తిన్నావు అని అడిగాను. ఏమీ తినలేదంది.

ఫిబ్రవరి 26

మా ఆవిడ గుడ్డు కూడా మానేసింది. అదేమైనా పడటం లేదేమో అని.

ఏడుపు అలాగే ఉంది. నా భుజం మీద ఉన్నంతసేపూ మాత్రం కిక్కురుమనదు. డాక్టర్లకి చదువుంటే ఉండొచ్చు, నా భుజంలో ఉన్న మందు ఏ షాపులోనూ లేదు అని మేస్త్రీతో అన్నాను. అమ్ముతావా అన్నాడు.

మార్చి 1

అత్తయ్య టీ పాల సీసా మీద పెన్నుతో గీత పెట్టాను. ఎవరికీ కనపడకుండా వెనకవైపు. సాయంత్రానికి పాలు గీత కిందికి బాగా దిగిపోయాయి. తలనొప్పిగా ఉండి టీ ఎక్కువ తాగానంది అత్తయ్య. తలనొప్పి. సరే.

మార్చి 4

బరువు తగ్గింది.

పెరగలేదని కాదు, తగ్గింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి తూచింది. పాప ఆ చల్లటి పళ్ళెంలో చేతులు ఆడిస్తూ పడుకుంది. పక్కటెముకలు కనిపించాయి. ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాను, ఇంతవరకూ కనపడలేదు.

ఎక్కడినుంచో లోపలికి వెళ్తోంది, ఏం తింటున్నారో ఒకసారి జాగ్రత్తగా చూసుకోండి అంది డాక్టరమ్మ. మా ఆవిడ వైపు చూస్తూ అంది. నేనూ మా ఆవిడ వైపే చూశాను. ఆమె నేల చూపులు చూసింది. నేల చూపులు ఎందుకు చూస్తుంది మనిషి?

ఇంకొక్కసారి చూద్దాం, తర్వాత ఆస్పత్రిలో చేర్చుకోవడమే అని చెప్పి పంపించింది.

మార్చి 6

గోధుమ మానేసింది. వేరుశెనగ మానేసింది. పప్పు మానేసింది. ఉడికించిన గుమ్మడికాయ, అన్నం, ఉప్పు. చెప్పులు వదులయ్యాయని కాగితం మడిచి లోపల పెట్టుకుంది. పాదాలు కూడా చిక్కిపోతాయని నాకు తెలియదు.

ఇంత చేస్తున్న మనిషి దొంగతనంగా పాలు తాగుతుందా? తాగదు. కానీ ఆకలి ఆకలే కదా. ఆకలి మీద మనిషికి ఏం తిన్నదీ గుర్తుండదు.

మార్చి 8

ఫ్యాక్టరీలో పెద్ద పొయ్యి చెడిపోయింది. ఎక్కడినుంచో విడిభాగం రావాలట, అందాకా అందరికీ సెలవు. ఒకందుకు మంచిదే. వంటిల్లు నా చేతిలోకి తీసుకున్నాను. అత్తయ్యని నాలుగు రోజులు మీ ఇంట్లో విశ్రాంతి తీసుకోండి అని మర్యాదగానే పంపించేశాను. ఆవిడ ఇల్లు నాలుగు వీధుల అవతలే. టీ సీసా కూడా ఇచ్చి పంపించాను.

ఇక మా ఆవిడ తినేది నేను వండిందే. నా కళ్ళముందే.

మార్చి 12

ఏడుపు తగ్గింది. బాగా తగ్గింది.

మార్చి 15

దొరసాని పరుపు మీద పడుకుంది. వెల్లకిలా, రెండు చేతులూ పైకెత్తి, లొంగిపోయిన దొంగలాగా. కాపలా కాస్తే ఎలా ఉంటుందో చూశావా అన్నాను మా ఆవిడతో. సరదాకే అన్నాను.

ఆమె నవ్వలేదు, పాప దుప్పటి సర్దింది. తర్వాత అంది, "నేను నిద్రలో లేచి ఏమైనా తింటున్నానా?"

అదేం ప్రశ్న అన్నాను.

"ఒట్టు, నాకేమీ గుర్తులేదు. కానీ మీరు కనిపెట్టి ఉంటే పాప బాగుంటోంది కదా. అంటే నేనే ఏదో చేస్తున్నట్టే కదా. ఈసారి నేను లేస్తే నన్ను లేపండి."

లేపుతానని చెప్పాను. తలుపు గడియకి ఒక గిన్నె కట్టాను, తీస్తే చప్పుడవుతుందని. ఆమె గిన్నె పట్టుకుని నిలబడితే నేను తాడు కట్టాను. గిన్నె చప్పుడు కాలేదు. ఆమె లేవలేదు.

మార్చి 18

పొయ్యి బాగైంది. డ్యూటీకి వెళ్ళాను. నేను వెళ్తే ఇంట్లో ఎవరు చూస్తారని అత్తయ్యనే రమ్మన్నాను. ఆవిడ వెంటనే వచ్చింది.

మార్చి 20

ఇవాళ జరిగింది రాయాలని లేదు.

నిన్న మధ్యాహ్నం వచ్చి పాపని ఎత్తుకున్నాను, బాగానే పడుకుంది. సాయంత్రం మొదలైంది. రాత్రంతా వీధి వీధంతా వినేలా ఏడ్చింది. తెల్లవారేసరికి డైపర్‌లో మళ్ళీ చార. డ్యూటీకి ఆలస్యమవుతోంది, పాప ఏడుపు చెవుల్లో గుచ్చుకుంటోంది, నేను డ్యూటీకి వెళ్ళిన రెండ్రోజులకే మళ్ళీ ఇలాగైంది. నాకు ఒళ్ళు తెలియలేదు.

"నోరు తెరువు" అన్నాను మా ఆవిడతో.

ఆమెకి అర్థం కాలేదు. నోరు తెరువు, వాసన చూస్తాను అన్నాను మళ్ళీ. అత్తయ్య అక్కడే ఉంది.

మా ఆవిడ తెరిచింది. వద్దని అనలేదు, తిట్టలేదు. పాపని ఎత్తుకునే తల పైకెత్తి నోరు తెరిచి నిలబడింది. నేను వాసన చూశాను.

గుమ్మడికాయ వాసన.

అత్తయ్య వచ్చి పాపని అందుకుంది. "దాని ఒంట్లో ఎముకలు తప్ప ఏం మిగిలింది నాయనా, ఇంకా ఏం వెతుకుతున్నావు?" అంది. నెమ్మదిగానే అంది. తర్వాత ఇద్దరూ బట్టలు సర్దుకుని పాపని తీసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు మా ఆవిడ నాకు క్యారేజీ కట్టి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

మార్చి 21

ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. ఈ చప్పుడు లేని ఇంటి కోసమే కదా ఏడ్చాను. నిద్ర పట్టలేదు.

మార్చి 24

అత్తయ్య ఫోన్ చేసింది. పాప అక్కడ పడుకుంటోందట. నిన్నటినుంచి నెమ్మదించిందట. మా ఆవిడ ఫోన్లోకి రాలేదు. నిద్రపోతోందంది. నిద్రపోతోందంటే మంచిదే కదా.

ఇల్లు మారింది కాబట్టి గాలి పడిందేమో. మా గోడలకి తేమ ఉంది. ఇల్లు మారిపోవాలి.

మార్చి 26

డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా అత్తయ్య ఇంటికి వెళ్ళాను. ఎలా ఉంటారో, లోపలికి రానిస్తారో లేదో అని గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. అత్తయ్యే తలుపు తీసింది. మంచినీళ్ళిచ్చింది.

దొరసాని నన్ను చూసి కాళ్ళు కొట్టుకుంది. నా మీదికి ఉరికింది. మర్చిపోలేదు నన్ను. మొహం నా భుజంలో దూర్చి, తువ్వాలు నోట్లో కుక్కుకుని పడుకుంది. మా ఆవిడ గదిలోంచి రాలేదు. చాలాసేపు కూర్చున్నాను. లోపల ఆమె మెలకువగానే ఉందని తెలుస్తోంది, మంచం కిర్రుమంటోంది. క్షమించు అనే మాట గొంతు దాకా వచ్చింది. అత్తయ్య ఉందని అనలేదు.

మార్చి 27

డ్యూటీలో ఉండగా అత్తయ్య ఫోన్. పాప రాత్రంతా ఏడ్చిందట. చార కనపడిందట.

"నిన్నంతా నా కూతురు నా ఎదురుగానే ఉంది. నేను వండి పెట్టిందే తిన్నది. నువ్వు మళ్ళీ దాన్నే అనకు నాయనా" అంది.

అననన్నాను. ఆ ఇంటి గోడలకి తేమ లేదు.

అదే రోజు, సాయంత్రం

అక్షరాలు తిన్నగా రావడం లేదు.

డ్యూటీ నుంచి ఇంటికి వచ్చాను. అత్తయ్య ఇంటికి వెళ్ళే మొహం లేదు. ఉతికిన తువ్వాళ్ళు అయిపోయాయి. బట్టలన్నీ మా ఆవిడ వాషింగ్ మెషీన్‌లో వేస్తుంది, దాని పొడి ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు. సరే, రేపటికి ఒక్క తువ్వాలైనా ఉండాలి కదా అని మెడలో ఉన్నదాన్నే తీసి బకెట్లో వేసి వేడినీళ్ళు వదిలాను. సబ్బు వెయ్యలేదు.

నీళ్ళు తెల్లబడ్డాయి.

మురికి కదా అనుకున్నాను. మురికి తెల్లగా ఎందుకుంటుంది. చేత్తో కలిపాను. ఇంకా తెల్లబడ్డాయి. ఆవిరితోపాటు వాసన వచ్చింది. పాలు కాస్తే వచ్చే వాసన. మా ఇంట్లో పాలు లేవు.

పాప కక్కిందేమో అనుకున్నాను. కాదు. ఈ తువ్వాలు మీద పాప పడుకోలేదు. ఉతికినదాన్ని పొద్దున తీసి కట్టుకెళ్ళాను, ఇప్పుడు విప్పాను. మధ్యలో ఫ్యాక్టరీ తప్ప ఏమీ లేదు. గేటు దగ్గర దులిపాను కూడా.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. తియ్యగా ఉంది.

స్నానాల గదిలో నేల మీద కూర్చుండిపోయాను. కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయాను, నీళ్ళు పొంగి గదంతా పారాయి. పొయ్యి చెడి నేను ఇంట్లో ఉంటే పాప బాగుంది. నేను డ్యూటీకి వెళ్తే బాగాలేదు. పాప వాళ్ళమ్మమ్మ ఇంటికి వెళ్తే బాగుంది. నేను అక్కడికి వెళ్తే బాగాలేదు. ఇంత కళ్ళముందు ఉంది. నేను పాల సీసా మీద గీతలు గీశాను. గడియకి గిన్నె కట్టాను. వాసన చూశాను.

తల్లి పస్తులుండి పిల్లని కాపాడుకుంటుంటే నేను రోజూ ఫ్యాక్టరీ నుంచి విషం తెచ్చి భుజం మీద వేసుకుని ఆ పిల్ల నోటికి అందించాను. హాయిగా పడుకుంటోందని మురిసిపోయాను. పడుకోదా మరి, తియ్యగా ఉంటే.

మార్చి 28

నిన్న చీకటి పడకముందే స్నానం చేసి, వేరే బట్టలు వేసుకుని, ఆ నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని వెళ్ళాను. సీసా ఎందుకు పట్టుకెళ్ళానో తెలియదు. మాటలు నమ్మరని కాబోలు. లేకపోతే మాటలు నాకే రావని కాబోలు.

మా ఆవిడ వంటగదిలో ఉంది. సీసా చేతికిచ్చాను. వాసన చూడు అన్నాను. అనగానే ఆ మాట ఇంతకుముందు ఎక్కడ అన్నానో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. ఆమె చూసింది. పాలు అంది. పాలు కాదు, నా తువ్వాలు ఉతికిన నీళ్ళు అని మొత్తం చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె సీసా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ బల్లకి ఆనించి అలాగే నిలబడింది.

"ఇన్నాళ్ళూ నా ఒంట్లోనే వెతుక్కున్నాను" అంది. "ఎక్కడ తప్పు చేశానా, ఏం తిన్నానా అని. పళ్ళు తోముకునే పేస్టులో ఉందేమో అని అదీ మానేశాను. నా ఒంట్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు."

నేనూ అక్కడే చూశాను కదా అన్నాను.

"అవును. మీరు చూశారు."

అత్తయ్య సీసా తీసుకెళ్ళి దొడ్లో పారబోసి, సీసాని కూడా చెత్తబుట్టలో పడేసింది.

మార్చి 30

డాక్టరమ్మకి చెప్పాను. మా ఆవిడ ఎదురుగానే చెప్పాను. పాప రోజూ చప్పరించిన ఆ కాస్త పాలపొడీ ఈ పిల్లకి సరిపోతుంది, ఎక్కువే అవుతుంది అంది. ఆవుపాలు, వాటితో చేసినవి మాత్రం తల్లి ఇంకా ముట్టకూడదు, గుడ్డు, గోధుమ, పప్పు ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు అంది. ఇంకో రెండు వారాలు చూస్తాను, ఆస్పత్రి మాట అప్పుడు చూద్దాం అంది. మేం వచ్చేటప్పుడు డాక్టరమ్మ మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. నా భుజం మీద వెయ్యలేదు.

ఏప్రిల్ 2

మేస్త్రీని బతిమాలి ప్యాకింగ్‌కి మార్పించుకున్నాను. మిక్సింగ్ కోసం జనం కాళ్ళరిగేలా తిరుగుతుంటే నీకేం పోయేకాలం అన్నాడు. చెప్పాను. వినగానే అతని మొహం పాలిపోయింది. తన మెడలో ఉన్న తువ్వాలు పట్టుకున్నాడు. అతనికి మనవడున్నాడు. ఆ బాబుకి ఏ జబ్బూ లేదు, అయినా మేస్త్రీ తువ్వాలు తీసి దూరంగా పెట్టాడు.

ఏప్రిల్ 4

మా ఆవిడ, పాప ఇంటికి వచ్చారు. అత్తయ్య కూడా.

ఫ్యాక్టరీలోనే స్నానం చేసి, అక్కడి బట్టలు అక్కడే వదిలి, ఇంట్లో ఉతికిన చొక్కాతో వచ్చాను. తువ్వాలు లేదు. దొరసానిని ఎత్తుకున్నాను. నా మెడ దగ్గర ముక్కు పెట్టి వెతికింది. ఇటు వెతికింది, అటు వెతికింది. నోరు తెరిచి చొక్కా పట్టుకుని లాగింది. ఏమీ దొరకలేదు. నన్ను తోసేసి ఏడుపు అందుకుంది.

మా ఆవిడ వచ్చి తీసుకుంది. "మీరు ఎవరో దానికి మళ్ళీ మొదట్నుంచి తెలియాలి" అంది. వెటకారంగా అనలేదు. నేను వరండాలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

ఏప్రిల్ 9

పాప పడుకుంటోంది.

ఏప్రిల్ 12

బరువు పెరిగింది. డాక్టరమ్మ తూకం ముల్లు చూపించింది. ఆస్పత్రి మాట ఇక లేదు, తల్లిపాలే కానివ్వండి అంది. పాపని కిందికి దింపుతుంటే దాని బుగ్గ నా చేతికి తగిలింది. బుగ్గ ఉంది, నిజంగానే బుగ్గ ఉంది.

ఇంటికి రాగానే ఇవాళ గుడ్డు తిను అన్నాను మా ఆవిడతో. తల ఊపింది. నేనే ఉడికించాను. పెంకు తీసి, ఉప్పు, మిరియాలపొడి చల్లి, ప్లేటులో పెట్టి ఇచ్చాను. ఆమె ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముట్టుకోలేదు.

"తినొచ్చా?" అంది.

డాక్టరమ్మ తినమంది కదా అన్నాను.

"డాక్టరమ్మ సంగతి కాదు. మీరు చెప్పండి. తినొచ్చా?"

ఎత్తిపొడుపు అనుకున్నాను. అలా అయినా బాగుండును అనుకుంటూ మొహం చూశాను. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది, అనుమతి అడిగినట్టు.

"నన్నడక్కు" అన్నాను.

"మరెవర్ని అడగను? నా నోట్లోకి ఏం వెళ్ళేదీ మీరేగా చూసుకున్నది."

మామూలు గొంతుతోనే అంది. గుడ్డు రెండుగా విరిచి, ఒక సగం ఆమె చూస్తుండగా నేను తిన్నాను. ఎందుకలా చేశానో తెలియదు, నేను తింటే పాపకి అయ్యేదేముంది. కానీ అది చూశాక ఆమె రెండో సగం తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాలాసేపు మింగలేదు. పాప మంచం వైపు చూస్తూ మింగింది.

ఏప్రిల్ 13

దొరసాని రాత్రంతా పడుకుంది. ఒక్కసారి పాలకి లేచి, తాగి, మళ్ళీ పడుకుంది. ఏడుపు లేదు. పుట్టినప్పటినుంచి ఇలాంటి రాత్రి ఇదే.

తెల్లవారుజామున డ్యూటీకని లేచాను. పక్కన మా ఆవిడ లేదు. పాప మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నిన్నటి చీరలోనే. రాత్రి నుంచీ అలాగే కూర్చుందట, గుడ్డు ఏం చేస్తుందోనని. పాప బాగానే పడుకుంది కదా, నువ్వూ పడుకోవాల్సింది అన్నాను. నేను పడుకున్నాక ఏడిస్తే అంది.

ఇవాళ డ్యూటీకి వెళ్ళలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. నేను చూస్తుంటాను, నువ్వు పడుకో అన్నాను. సరే అంది. పడుకోలేదు.